ఉత్తర తెలంగాణ చెరువులు, రిజర్వాయర్లలో ఏది ఎంత ఎత్తులో ఉంది? పోల్చి చూడటం ఎలా?

వానాకాలం మొదలైతే చాలు, ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "పాకాల 30 అడుగులకు వచ్చింది, ఎల్‌ఎండీ (లోయర్ మానేరు డ్యాం) 915 అడుగుల దగ్గర ఉంది అంటున్నారు, ఇంత తేడా ఏంటి?" "గూగుల్ ఎర్త్‌లో మల్లన్నసాగర్ నడిమధ్యలో ఒక్కో చోట ఒక్కో ఎత్తు చూపిస్తోంది, ఏది నమ్మాలి?" "రిజర్వాయర్ మా ఊరికంటే ఎత్తులో ఉంది కదా, కాలువ తవ్వితే నీళ్లు వాటంతట అవే రావా?" ప్రాజెక్టు వర్క్ చేసే విద్యార్థులు అడుగుతారు, వీడియోలు చేసేవాళ్లు అడుగుతారు, ఆయకట్టు చివర పొలం ఉన్న రైతులైతే కాస్త కోపంగానే అడుగుతారు.

అందరికీ పనికొచ్చేలా పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. లెక్కలు పెద్దగా లేవు. ఏ అంకె కనిపించినా మీరు రెండే అడగాలి: ఇది ఎక్కడి నుంచి కొలిచింది? ఏ రోజుది? ఈ రెండూ తెలియని అంకెను పట్టికలోకి రానివ్వకండి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో. ఉచితమే. ఫోన్‌లోని యాప్‌తోనూ పని నడుస్తుంది కానీ, పాత తేదీల ఫొటోలు చూడటానికి, రెండు చోట్ల మధ్య నేల ఎగుడుదిగుళ్లు గీయడానికి కంప్యూటరే సుఖం.
- ప్రాజెక్టుల రోజువారీ నీటిమట్టాలు. పేపర్ జిల్లా పేజీలో వచ్చేవి చాలు.
- మీ ప్రాంతపు సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్, అంటే నేల ఎత్తులను గీతలతో చూపే మ్యాపు. ఆ సంస్థ ఆన్‌లైన్ మ్యాపుల పోర్టల్‌లో దించుకోవచ్చు.
- ఒక ఎక్సెల్ షీట్ లేదా గీతల నోటుబుక్కు.
- బారోమీటర్ (గాలి పీడనం కొలిచేది) ఉన్న ఫోన్ ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు.

1. పేరు, ఊరు, మండలం ఖాయం చేసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, సగం తప్పులు ఇక్కడే మొదలవుతాయి. ఊర చెరువు, పెద్ద చెరువు, కొత్త చెరువు లేని ఊరు మన దగ్గర ఎక్కడుంది? మేడారం రిజర్వాయర్ అని వెతికితే సమ్మక్క సారలమ్మ జాతర జరిగే ములుగు జిల్లా మేడారం వస్తుంది. కాళేశ్వరం ఎత్తిపోతల్లో వచ్చే మేడారం మాత్రం పెద్దపల్లి జిల్లా ధర్మారం మండలంలోది.

పేర్లు మారిన ప్రాజెక్టులతో ఇంకో చిక్కు. మేడిగడ్డకు లక్ష్మి, అన్నారానికి సరస్వతి, సుందిళ్లకు పార్వతి అని పేర్లు పెట్టారు. అదే సమయంలో శ్రీరాంసాగర్ నుంచి వెళ్లే కాలువల్లోనూ ఒక లక్ష్మి, ఒక సరస్వతి ఉన్నాయి. "లక్ష్మి దగ్గర నీటిమట్టం" అని ఎవరైనా చెబితే బ్యారేజీయా, కాలువా అని అడిగి రాసుకోండి. మిడ్ మానేరునే రాజరాజేశ్వర జలాశయం అంటారు. జిల్లాలు కూడా మారాయి. పాత వరంగల్ జిల్లా లెక్కలో ఉన్న రామప్ప, లక్నవరం ఇప్పుడు ములుగులో, ధర్మసాగర్ హనుమకొండలో, పాకాల వరంగల్ జిల్లాలో ఉన్నాయి.

పట్టికలో పేరు పక్కన మండలం, అక్షాంశ రేఖాంశాలు రాసేయండి. ఈ గొడవంతా అక్కడితో పోతుంది.

2. ఏ ఎత్తును పోలుస్తున్నారో తేల్చుకోండి

ఒక్క చెరువుకే నాలుగు ఎత్తులుంటాయి: కట్ట పైభాగం, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు), తూము గడప, చెరువు అడుగు. వీటికి తోడు ఈ రోజు నీళ్లు ఉన్న మట్టం ఒకటి. ఒక చెరువుకు కట్ట ఎత్తు, ఇంకోదానికి ఇవాళ్టి నీటిమట్టం రాసుకుని పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు.

పోలికకు బాగా పనికొచ్చేది నిండినప్పటి మట్టం. చెరువైతే మత్తడి దుంకడం మొదలయ్యే ఎత్తు, రిజర్వాయరైతే ఎఫ్‌ఆర్‌ఎల్, అంటే పూర్తిస్థాయి నీటిమట్టం. ఇది ఎండాకాలమైనా వానాకాలమైనా మారదు. మేడిగడ్డనే చూడండి. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక బ్యారేజీని ఖాళీ చేశారు. అయినా దాని ఎఫ్‌ఆర్‌ఎల్ 100 మీటర్లే. నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది వేరే ప్రశ్న, దానికి టీఎంసీల లెక్క చూడాలి. ఎత్తులో ఉన్నది పెద్దదని, కింద ఉన్నది చిన్నదని అనుకోకండి. 618 మీటర్ల ఎత్తులోని కొండపోచమ్మ సాగర్ 15 టీఎంసీలది, 100 మీటర్ల మేడిగడ్డ 16 టీఎంసీలకు కాస్త ఎక్కువ.

3. పెద్ద రిజర్వాయర్ల ఎఫ్‌ఆర్‌ఎల్ ముందు రాసుకోండి

వీటికి మ్యాపులో వెతుకులాట అక్కర్లేదు, ప్రాజెక్టు అంకెలే ఉన్నాయి. ఇవన్నీ సముద్ర మట్టం నుంచి కొలిచినవి. ఎత్తు నుంచి కిందికి:

- కొండపోచమ్మ సాగర్: 618 మీటర్లు
- మల్లన్నసాగర్: 557 మీటర్లు
- సింగూరు: 523.6 మీటర్లు
- రంగనాయక సాగర్: 490 మీటర్లు
- నిజాంసాగర్: 1,405 అడుగులు, అంటే 428.2 మీటర్లు
- శ్రీరాంసాగర్: 1,091 అడుగులు, అంటే 332.5 మీటర్లు
- మిడ్ మానేరు: 318 మీటర్లు
- లోయర్ మానేరు: 920 అడుగులు, అంటే 280.4 మీటర్లు
- మేడారం (ధర్మారం మండలం): 233 మీటర్లు
- కడెం: 700 అడుగులు, అంటే 213.4 మీటర్లు
- ఎల్లంపల్లి: 148 మీటర్లు
- సుందిళ్ల: 130 మీటర్లు
- అన్నారం: 119 మీటర్లు
- మేడిగడ్డ: 100 మీటర్లు
- తుపాకులగూడెం సమ్మక్క బ్యారేజీ: 83 మీటర్లు

పాత ప్రాజెక్టులు అడుగుల్లో, కొత్తవి మీటర్లలో ఉండటం గమనించారా? అడుగులను 0.3048తో గుణిస్తే మీటర్లు వస్తాయి. నోటి లెక్కకు 3.28తో భాగించినా చాలు. అయితే పట్టికలో అసలు అంకెను చెరిపేయకండి, పక్క గడిలో మీటర్లు రాసుకోండి. రేపు ఎవరైనా ఈ అంకె ఎక్కడిదని అడిగితే, పేపర్లో కనిపించే 1,091తోనే సరిచూసుకోగలరు.

హైదరాబాద్ జంట జలాశయాలు, హుస్సేన్‌సాగర్ వార్తలు చూసేవాళ్లకు ఈ తంటా బాగా తెలుసు. ఉస్మాన్‌సాగర్ పూర్తిస్థాయి మట్టం 1,790 అడుగులు, హుస్సేన్‌సాగర్‌ది 513.41 మీటర్లు. రెండూ ఒకే వార్తలో వస్తాయి. యూనిట్ చూడకపోతే ఒకటి ఇంకోదానికి మూడున్నర రెట్ల ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు తేడా 32 మీటర్లు.

4. "అడుగులు" అన్నచోట ఆగండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పాకాల తూము దగ్గరికి వెళ్తే నీళ్లలో నిలువుగా అంకెలు రాసిన స్కేలు ఉంటుంది. అల కొట్టినప్పుడల్లా ఒక గీత మునిగి తేలుతుంది, మధ్యస్థంగా ఉన్న గీతను చదువుతారు. పాకాల నిండిందంటే ఆ స్కేలు మీద 30 అడుగుల పైచిలుకు. రామప్ప, లక్నవరం లెక్కలూ ఇలాగే ముప్పై దాటిన అంకెల్లో వస్తాయి. ఈ స్కేలు సున్నా సముద్ర మట్టం కాదు. సాధారణంగా అన్నిటికంటే కింద ఉన్న తూము గడప. అంటే 30 అడుగులన్నది తూము పైన ఎంత నీరు నిలిచిందో చెప్పే అంకె. రైతుకు కావాల్సింది అదే కాబట్టి అలాగే రాస్తారు, అందులో తప్పేం లేదు. ఎల్‌ఎండీ 920 అడుగులు మాత్రం సముద్ర మట్టం నుంచి లెక్క. ఈ రెంటినీ ఒకే వరుసలో రాయడం కుదరదు.

భద్రాచలం దగ్గర గోదావరికి 43, 48, 53 అడుగుల దగ్గర ఇచ్చే మూడు ప్రమాద హెచ్చరికలు కూడా స్థానిక స్కేలువే. 43 అడుగులంటే 13 మీటర్లు. దాన్ని సమ్మక్క బ్యారేజీ 83 మీటర్లతో పోల్చి నది అక్కడికక్కడ 70 మీటర్లు దిగిపోయిందని రాసేవాళ్లూ ఉన్నారు.

గుర్తుపట్టడం సులభమే. మన ప్రాంతంలో ఒక జలాశయం మట్టం అడుగుల్లో రెండంకెలు ఉంటే అది లోతు. మూడు నాలుగంకెలు ఉంటే సముద్ర మట్టం నుంచి ఎత్తు. గోదావరి మీద ఉన్న సమ్మక్క బ్యారేజీ కూడా 270 అడుగుల పైనే ఉంది కాబట్టి ఈ ప్రాంతం వరకు గుర్తు తప్పదు.

ఇంకో సంగతి. చెరువు స్కేలు లెక్క 26.6 అని చెబితే, ఇరవై ఆరున్నర దాటిన దశాంశమా, ఇరవై ఆరడుగుల ఆరు అంగుళాలా అని అడగండి. పెద్ద ప్రాజెక్టుల అంకెలు దశాంశాల్లోనే ఉంటాయి. ఊరి చెరువుల దగ్గర రెండు రకాలుగానూ చెబుతారు.

5. చెరువు ఎత్తును గూగుల్ ఎర్త్‌లో చదవండి

స్కేలు లోతు మాత్రమే దొరికే చెరువులకు ఈ దారి.

ముందు సెట్టింగుల్లో యూనిట్ మీటర్లకు మార్చండి. టెర్రైన్ టిక్ ఆన్‌లో ఉందో చూడండి. కింద కుడివైపు రెండు అంకెలు కనిపిస్తాయి. ఎలెవ్ అని ఉన్నది కర్సర్ కింద నేల ఎత్తు. ఐ ఆల్ట్ అని ఉన్నది మీరు ఎంత పైనుంచి చూస్తున్నారన్నది. రెండోది జూమ్ చేస్తే మారిపోతుంది. దానితో మీకు పనిలేదు.

ఇప్పుడు పాత తేదీల ఫొటోల బటన్ నొక్కి, చెరువు నిండుగా ఉన్న తేదీ వెతకండి. మంచి వానలు పడ్డ ఏడాది అక్టోబరు, నవంబరు ఫొటోలు బాగుంటాయి. వరంగల్ వైపు 2020 ఆగస్టు వానల తర్వాతి ఫొటో దొరికితే ఇంకా మంచిది. మబ్బులు తక్కువగా ఉన్నది తీసుకోండి. నీటి అంచు వెంబడి కనీసం ఏడు చోట్ల గుర్తులు పెట్టి, ఒక్కో చోట ఎత్తు రాసుకోండి.

గుర్తులు ఎక్కడ పెట్టకూడదో చెబుతాను.

కట్ట వైపు వద్దు. ఈ ఎత్తుల సమాచారం సుమారు 30 మీటర్ల గడులుగా ఉంటుంది. ఒకే గడిలో కట్ట తల, నీళ్లు, కట్ట వెనక పొలం కలిసిపోయి ఏదో మధ్య అంకె వస్తుంది.

గుట్టను ఆనుకున్న ఒడ్డు వద్దు. లక్నవరం, పాకాల చుట్టూ గుట్టలు, అడవి ఎక్కువ. దట్టమైన చెట్లున్న చోట ఉపగ్రహం కొంతవరకు చెట్ల తలల ఎత్తును కొలుస్తుంది, నేలను కాదు. చదునుగా ఉండే శిఖం (చెరువు లోపల నీళ్లు నిలిచే నేల) వైపు, పొలాలు నీళ్లను తాకే చోట పెట్టండి.

అంకెలు వచ్చాక సగటు తీయకండి. వరుసలో పేర్చి నడిమిది తీసుకోండి. ఒక చెరువుకు 266, 268, 269, 270, 271, 274, 290 వచ్చాయనుకుందాం. నడిమిది 270. సగటు తీస్తే ఆ 290 లాగేసి 272.6 చేస్తుంది. అది ఏ చెట్టు మీదో, బండ మీదో పడ్డ గుర్తు అయి ఉంటుంది.

మత్తడి స్పష్టంగా కనిపిస్తే దాని రెండు కొసల దగ్గరి నేల ఎత్తు కూడా చూడండి. ఇది ఒడ్డు అంకెకు దగ్గరగా రావాలి.

ఇక మల్లన్నసాగర్ ప్రశ్న. అందరూ వాడే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి కొలిచినవి. కోపర్నికస్ పేరుతో దొరికేవి 2011 నుంచి 2015 మధ్య తీసినవి. కొండపోచమ్మ సాగర్‌ను ప్రారంభించింది 2020 మే నెలలో, మల్లన్నసాగర్‌ను 2022 ఫిబ్రవరిలో. అంటే ఆ ఎత్తుల్లో ఉన్నది నీరు కాదు, మునగక ముందున్న పొలాలు, ఊళ్లు, వాగులు. అందుకే నీళ్ల మీద కర్సర్ కదిపితే అంకె మారుతూ ఉంటుంది. మిడ్ మానేరుదీ ఇదే కథ. పాత జలాశయాల మీద కర్సర్ జరిపినప్పుడు అంకె దాదాపు కదలకుండా ఉంటే అది కొలిచిన నాటి నీటి పైభాగం. అది కూడా నిండు మట్టం కాదు. ఎస్‌ఆర్‌టీఎం అయితే ఫిబ్రవరి నాటిది, యాసంగికి నీళ్లు వదులుతున్న కాలం.

కొత్త రిజర్వాయర్లకు గూగుల్ ఎర్త్ చూడనే వద్దు, 3వ మెట్టులోని అంకెలే వాడండి.

6. టోపో షీట్‌తో సరిచూడండి

ఉదాహరణకు వరంగల్ కోట వైపు 56 ఓ/9 షీట్, హనుమకొండ వైపు 56 ఎన్/12 షీట్. 18 డిగ్రీల అక్షాంశ రేఖ నగరం మీదుగానే పోతుంది కాబట్టి ఒక్క ఊరికి రెండు షీట్లు కావాలి. ఇవి పాత నంబర్లు. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు నంబర్ల పద్ధతి వేరు, ఊరి పేరుతో వెతికితే తేలికగా దొరుకుతాయి.

చెరువుకు పైన ఒకటి, కింద ఒకటి కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) పట్టుకోండి. వాటి మీద రాసిన రెండు ఎత్తుల మధ్య మీ అంకె పడాలి. గీతల మధ్య తేడా ఎంతో షీట్ అంచున రాసి ఉంటుంది, సాధారణంగా 20 మీటర్లు. కాబట్టి ఇది మోటు తనిఖీయే, కానీ పెద్ద తప్పులను పట్టేస్తుంది.

కట్ట పక్కన 5ఆర్, 12ఆర్ లాంటి అంకెలు కనిపిస్తే పొరబడకండి. ఇంగ్లిష్ ఆర్ అక్షరం ఉందంటే అది కట్ట ఎత్తో, బావి లోతో. చుట్టుపక్కల నేలతో పోల్చి చెప్పిన అంకె, సముద్ర మట్టంతో సంబంధం లేదు.

7. స్వయంగా వెళ్లి కొలవాలనుకుంటే

ఫోన్‌లో ఎత్తు చూపించే యాప్ తెరవగానే వచ్చిన అంకెను రాసుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. రెండు చిక్కులున్నాయి.

మొదటిది జీపీఎస్ ఎత్తు. ఉపగ్రహాలు ఎత్తును ఎలిప్సాయిడ్ అనే లెక్కలోని భూమి ఆకారం నుంచి కొలుస్తాయి. మన ప్రాంతంలో నిజమైన సముద్ర మట్టం ఆ ఆకారానికి సుమారు 70 నుంచి 80 మీటర్లు కిందుగా ఉంటుంది. కొన్ని యాప్‌లు దీన్ని సరిచేసి చూపిస్తాయి, కొన్ని ఆండ్రాయిడ్ యాప్‌లు పచ్చి అంకెనే ఇచ్చేస్తాయి. అప్పుడు 270 మీటర్ల చోటు 195 అని వస్తుంది. ఇస్రో వాళ్ల భువన్ నుంచి దించుకునే కార్టోడెమ్ ఎత్తులు కూడా ఎలిప్సాయిడ్‌వే. అవి నేరుగా పట్టికలోకి వేస్తే వరంగల్ చెరువులన్నీ ఎల్లంపల్లి వైపు జారిపోతాయి.

పరీక్ష సులభం. మీ దగ్గరి రైల్వే స్టేషన్‌కు వెళ్లండి. ప్లాట్‌ఫాం చివర పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు చాలాచోట్ల రాసి ఉంటుంది. దాని పక్కన నిలబడి ఫోన్ చూడండి. ఐదారు మీటర్ల తేడా అయితే యాప్ సరైనదే. డెబ్బైకి పైగా తక్కువ చూపిస్తే యాప్ మార్చండి, లేదా ఆ తేడాను ప్రతి అంకెకూ కలుపుకోండి. కాజీపేట, వరంగల్ లాంటి స్టేషన్లు మన మధ్యలోనే ఉన్నాయి కాబట్టి దీనికి బద్ధకించకండి. అక్కడే గూగుల్ ఎర్త్ అంకె కూడా సరిచూసుకోవచ్చు.

రెండోది బారోమీటర్. దగ్గర దగ్గరగా ఉన్న చెరువుల మధ్య తేడా తీయడానికి ఇది జీపీఎస్ కంటే మేలు. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటివి ఒకే పూటలో చుట్టేయొచ్చు. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే మన ఎత్తుల్లో సుమారు 9 మీటర్లు పైకి వెళ్లినట్టు. కాకపోతే మన ఎండ దేశంలో పీడనం రోజూ తనంతట తానే ఊగుతుంది. పొద్దున పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. ఆ తేడా 3, 4 మిల్లీబార్లు ఉంటుంది, అంటే ఎత్తులో దాదాపు 30 మీటర్ల అబద్ధం. పొద్దున ఒక చెరువు, మధ్యాహ్నం భోజనం చేసి ఇంకో చెరువు కొలిస్తే కొలిచింది చెరువును కాదు, ఎండను.

అందుకని మొదటి చెరువు దగ్గర చూసి, రెండోదాని దగ్గర చూసి, వెంటనే మళ్లీ మొదటిదానికి వచ్చి చూడండి. మొదటి చెరువు రెండు అంకెల సగటు తీసి, దానితో రెండోదాన్ని పోల్చండి. వాన వచ్చేలా ఉంటే, గాలిదుమారం ఉంటే ఆ రోజు వదిలేయండి.

ఒకదాని కింద ఒకటి ఉన్న గొలుసుకట్టు కుంటలైతే ఇంకో మార్గం ఉంది. ఇళ్లు కట్టే మేస్త్రీల దగ్గర ఉండే పారదర్శక లెవెల్ పైపు. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుంటూ అంచెలంచెలుగా కొలుచుకుంటూ పోవచ్చు. ఓపిక కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. కొద్ది దూరానికి దీన్ని మించింది లేదు.

8. పట్టికలో పెట్టండి

గడులు ఇలా చాలు: పేరు, మండలం, అసలు అంకె, యూనిట్, ఎక్కడి నుంచి కొలిచింది, మీటర్లలో, ఎలా తెలిసింది, తేదీ. ఎలా తెలిసింది అన్న గడిని ఖాళీ వదలకండి. ప్రాజెక్టు అంకెకు, గూగుల్ ఎర్త్ అంకెకు ఒకే విలువ ఉండదు.

పెద్ద నుంచి చిన్నకు పేర్చాక, గూగుల్ ఎర్త్ నుంచి వచ్చిన రెండు చెరువుల మధ్య తేడా 10 మీటర్ల లోపు ఉంటే ఇది పైన, అది కింద అని ప్రకటించకండి. రెండూ ఒకే ఎత్తు అని రాయండి. పాయింట్ల తర్వాత అంకెలు కూడా వద్దు. 271.46 అని రాస్తే చూడ్డానికి గట్టిగా ఉంటుంది, కానీ ఆ ఖచ్చితత్వం మీ దగ్గర లేదు.

సరిగ్గా వచ్చిందా? నీళ్లనే అడగండి

నీళ్లు ఎటు పారతాయన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, మీ పట్టికను దానితో పరీక్షించండి.

మంజీర మీద సింగూరు, దాని కింద నిజాంసాగర్. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి శ్రీరాంసాగర్‌కు వస్తుంది. పట్టికలో 523, 428, 332 అని దిగుతూ రావాలి, వస్తున్నాయి. శ్రీరాంసాగర్ తర్వాత, ఎల్లంపల్లికి ముందు కడెం వాగు గోదావరిలో కలుస్తుంది. కడెం 213, 332కూ 148కీ మధ్యలోనే ఉంది. ఎల్లంపల్లి నుంచి కిందికి సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ, సమ్మక్క బ్యారేజీ ఒక్కో మెట్టు దిగుతాయి.

కాకతీయ కాలువ శ్రీరాంసాగర్ నుంచి ఎల్‌ఎండీకి మోటార్లు లేకుండానే వస్తుంది, అక్కడి నుంచి వరంగల్ వైపు సాగుతుంది. కాబట్టి ఎల్‌ఎండీ దిగువన ఆ కాలువ నీటితో నిండే ఏ చెరువూ మీ పట్టికలో 280 మీటర్లు దాటకూడదు. దాటితే ఆ చెరువు అంకె మళ్లీ చూడండి.

మోటార్లు ఉన్నచోట తలకిందులుగా చదవాలి. మేడిగడ్డ 100 నుంచి కొండపోచమ్మ 618 దాకా అంకెలు పెరుగుతూ పోతాయి, మధ్యలో పంప్‌హౌస్‌లు ఉన్నదే అందుకు. ధర్మసాగర్‌కు గోదావరి నీళ్లు దేవాదుల ఎత్తిపోతల మీద వస్తాయి. మీ లెక్కలో ధర్మసాగర్ గోదావరి కంటే కిందికి వస్తే తప్పు ఎక్కడో వెతకండి, చాలావరకు ఎలిప్సాయిడో, అడుగులో అయి ఉంటుంది.

ఇదంతా కుదిరాక కూడా ఒక్క చెరువు మొండికేస్తే ముందు దాని అక్షాంశ రేఖాంశాలు చూడండి. అదే పేరున్న వేరే ఊరి చెరువు మీద గుర్తు పెట్టి ఉంటారు.

"మరి మా ఊరికి నీళ్లు వాటంతట అవే వస్తాయా?"

శ్రీరాంసాగర్ 332.5 మీటర్లు, ఎల్‌ఎండీ 280.4. కాకతీయ కాలువ ఆ రెంటి మధ్య 146 కిలోమీటర్లు. నిండు మట్టాల తేడా 52 మీటర్లు, కిలోమీటరుకు సగటున 36 సెంటీమీటర్లు. ఇక వరద కాలువ శ్రీరాంసాగర్ నుంచి మిడ్ మానేరుకు 122 కిలోమీటర్లు. మట్టాల తేడా పద్నాలుగున్నర మీటర్లే, కిలోమీటరుకు 12 సెంటీమీటర్లు. కాలువ అడుగు వాలు దీనికి అచ్చంగా సమానం కాదు కానీ, ఎంత కొద్ది వాలుతో నీళ్లు నడుస్తాయో అర్థమవుతుంది. అదే వరద కాలువలో పంపులు పెట్టి నీటిని వెనక్కి శ్రీరాంసాగర్‌కు ఎత్తిపోసే ఏర్పాటు కూడా చేశారంటే, ఆ వాలు ఎంత తక్కువో చూడండి.

ఇప్పుడు గూగుల్ ఎర్త్‌లో 5 మీటర్ల పొరపాటు ఉందనుకుందాం, అది మామూలే. కిలోమీటరుకు 12 సెంటీమీటర్ల లెక్కన అది 40 కిలోమీటర్ల కాలువకు సరిపోయే వాలు. కాబట్టి మీ ఊరు రిజర్వాయర్ కంటే 8 మీటర్లు కింద ఉన్నట్టు తెర మీద కనిపిస్తే దాన్ని పట్టుకుని వాదనకు దిగకండి. 40, 50 మీటర్ల తేడా ఉంటే అడగదగ్గ ప్రశ్నే.

అడిగే ముందు రెండు చూసుకోండి. గూగుల్ ఎర్త్‌లో రిజర్వాయర్ నుంచి ఊరికి గీత గీసి, దాని మీద రైట్ క్లిక్ చేసి ఎలివేషన్ ప్రొఫైల్ తెరవండి. మధ్యలో రిజర్వాయర్ మట్టం దాటి లేచిన గుట్ట ఉంటే నేరుగా రాదు. చుట్టూ తిప్పాలి లేదా సొరంగం తవ్వాలి. రెండోది, కాలువ తూము ఏ ఎత్తులో ఉందన్నది. ఎఫ్‌ఆర్‌ఎల్ నిండు రోజు మట్టం, యాసంగి చివరికి నీళ్లు దానికి ఎన్నో మీటర్లు కిందికి వెళ్తాయి. తూము గడప ఎత్తు, కనీస నీటిమట్టం ఎంతో నీటిపారుదల శాఖ డివిజన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు దరఖాస్తులో రిజర్వాయర్ పేరు, మండలం, "సముద్ర మట్టం నుంచి, మీటర్లలో" అన్న మాటలు తప్పకుండా రాయండి. లేకపోతే జవాబులో మళ్లీ స్కేలు అడుగులే వస్తాయి.